ఇద్దరి మాట తొమ్మిదిమంది తీర్పయింది

ఖరక్ సింగ్‌ది ఉత్తరప్రదేశ్. 1941లో దోపిడీ కేసులో పట్టుబడి, సాక్ష్యం లేక విడుదలయ్యాడు. అయినా పోలీసులు నిఘా కోసం అతని పేర హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రివేళ చౌకీదారు, కానిస్టేబుళ్లు తలుపు బాది నిద్ర లేపేవారు. ఊరు దాటాలంటే ఎక్కడికో, ఎప్పుడొస్తాడో చెప్పి కదలాలి. చివరికి అతను సుప్రీంకోర్టు మెట్లెక్కాడు.

1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటిమీదికి రావడం చెల్లదన్నారు అందరూ. గోప్యత మాత్రం రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదనీ, మిగతా నిఘా సాగవచ్చనీ నలుగురు తేల్చారు.

ఒప్పుకోనివారు ఇద్దరు. ఆ భిన్నాభిప్రాయం రాసింది కోకా సుబ్బారావు, జె.సి. షా ఆయనతో కలిశారు. సుబ్బారావు 1902లో రాజమండ్రిలో పుట్టారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే.

నలుగురూ తలుపు దగ్గర ఆగారు. ఆయన మనిషి మనసు దాకా వెళ్లారు. కాళ్లకు సంకెల లేకపోయినా, వెనక ఎవరో కనిపెడుతున్నారని తెలిసినవాడు స్వేచ్ఛగా నడవగలడా? ఆ భయమూ నిర్బంధమే. గోప్యత అనే మాట రాజ్యాంగం 21వ అధికరణలో లేకున్నా, వ్యక్తిగత స్వేచ్ఛకు అది అత్యవసరమైన అంశమని ఆయన తేల్చారు.

1859లో ‘ఆన్ లిబర్టీ’ రాసిన జాన్ స్టూవర్ట్ మిల్ ఆలోచనకు ఇది దగ్గరి చుట్టం. ఇతరులకు హాని చేయనంతవరకు మనిషి బతుకుమీద అధికారం అతనిదేనన్నాడు మిల్. ఆ తత్వాన్ని పోలీసు నిబంధనకు ఎదురుగా నిలబెట్టగల న్యాయసూత్రం సుబ్బారావు తీర్పులో దొరుకుతుంది.

మైనారిటీ తీర్పు కాబట్టి అది అప్పట్లో చట్టం కాలేదు. ఆయన 1976లో కన్నుమూశారు. ఆధార్‌ను సవాలు చేస్తూ విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో కోర్టుకెళ్లాక, గోప్యత ప్రాథమిక హక్కు కాదంటూ కేంద్రం ఆ నలుగురి మాటనూ అడ్డుపెట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ వాదన తోసిపుచ్చి, సుబ్బారావు చెప్పిందే సరైనదన్నారు.

నాడు ఈ హక్కు అడిగింది పోలీసుల అనుమానం మోసిన సామాన్యుడు. అలాంటివాడికి దక్కినప్పుడే అది అందరి హక్కవుతుంది. అందుకే నేటి రౌడీషీటునూ, నిఘా కెమెరానూ మనం సుబ్బారావు ప్రశ్నతోనే నిలదీయాలి: ఇది మనిషిని భయం లేకుండా బతకనిస్తోందా?