జొన్నకూడు తిన్నవాళ్ళ జబ్బు: వైద్య పరిశోధన చరిత్రలో కొన్ని ఘట్టాలు

సాహిత్య విమర్శ పత్రికలో వైద్య పరిశోధన గురించి రాయడానికి నాకున్న అర్హత ఏమిటని మిత్రులు అడగవచ్చు. నేను తెలుగు ఎం.ఏ. చదివి దేవనకొండ ప్రాంతంలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. అర్హత అంటూ ఏదైనా ఉంటే అది నా బీరువాలో ఉన్న ఒక రూళ్ళ నోటుబుక్కు. అది నాది కాదు. కొన్నేళ్ళ కిందట మా వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన యువ వైద్యుడిది.

ఆయన కోస్తా జిల్లా మనిషి. ఉదయమంతా రోగుల్ని చూసి, సాయంత్రం మా ఇంటికి వచ్చేవాడు. మందుల కోసం కాదు, మాటల కోసం. "సార్, 'కాళ్ళు గుంజుతాండాయి' అంటే నొప్పా, తిమ్మిరా? 'సలుపు'కూ 'పోటు'కూ మీవాళ్ళు తేడా పాటిస్తారా?" అని అడిగేవాడు. సుగ్గికి గుంటూరు వైపు పత్తి తీయడానికీ మిరప కోతకూ పోయి వచ్చినవాళ్ళు చెప్పే బాధలు, ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు చెప్పే బాధలకంటే వేరుగా ఉన్నాయని ఆయనకు అనుమానం. రెండు సుగ్గిల పాటు పేర్లు లేకుండా, వయసూ పనీ తిండీ బాధా నాలుగు గడుల్లో రాసుకున్నాడు. మూడో ఏడు ఈ వివరాలు ఎవరి అనుమతితో సేకరిస్తున్నారని పైనుంచి కాగితం వచ్చింది. ఆ తర్వాత బదిలీ వచ్చింది. పోతూ పోతూ పుస్తకం నా చేతిలో పెట్టాడు.

రోగిని చూసే మనిషికి ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న వెంట పోవడానికి తీరికా జీతమూ పరికరమూ ఎవరివ్వాలి? ఈ ప్రశ్నతో మన ప్రాంతపు వైద్య చరిత్రను తిరగేస్తే, మనం జయంతులకు చెప్పుకునే కథలు కొంచెం వేరుగా కనబడతాయి.

రొనాల్డ్ రాస్ కథనే తీసుకుందాం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో ఆయన ఒక దోమ కడుపులో మలేరియా క్రిమి ఎదుగుతున్న దశను చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఇంతే ఉంటుంది. అప్పటికి రాస్ మద్రాసు పటాలానికి వైద్యుడు. పరిశోధన ఆయన ఉద్యోగంలో భాగం కాదు. సొంత సూక్ష్మదర్శినితో, డ్యూటీ ముగిశాక మిగిలిన పొద్దులో చేసుకున్న పని అది. హుసేన్ ఖాన్ అనే రోగి తన ఒంటిని దోమలకు అప్పగించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున కూలి. ఆ మహత్తర పరిశోధనకు ఆ దినం అందిన 'నిధులు' రాస్ జేబులోని ఆ అణాలే. కనుగొన్న కొద్ది వారాలకే సర్కారు ఆయన్ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. అక్కడ మలేరియా రోగులు దొరకడమే కష్టమైంది. లండన్‌లో పాట్రిక్ మాన్సన్ పట్టుబట్టి ఉత్తరాలు రాసి, అధికారుల్ని కదిలించిన మీదటే 1898లో కలకత్తాలో ప్రత్యేక డ్యూటీ దొరికింది. పక్షుల మలేరియా మీద పనిచేసి దోమకాటు గుట్టును పూర్తిగా విప్పింది అక్కడే. మాన్సన్ కూడా రోగుల్ని చూసే వైద్యుడే. సాటి వైద్యుడి ప్రశ్న విలువ గుర్తుపట్టడం ఆయన చేసిన సాయం. రాస్ కవిత్వమూ నవలలూ రాశాడు కనుక మన సాహిత్యకారులు ఆయన్ను ఇష్టంగా తలుచుకుంటారు. హుసేన్ ఖాన్‌ను తలిచేవాళ్ళు తక్కువ.

దీనికి తొమ్మిదేళ్ళ ముందు, అదే హైదరాబాదులో దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణ ఉంది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతి. శస్త్రచికిత్సలు చేసేవాడు. క్లోరోఫారం ఇచ్చినప్పుడు కొందరు రోగులు ఎందుకు చనిపోతున్నారన్నది అప్పట్లో పెద్ద వివాదం. ఊపిరి ముందు ఆగుతుందా, గుండె ముందు ఆగుతుందా? ఊపిరే అన్నది లారీ నమ్మకం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ ఖర్చుతో 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫారం కమిషన్లు నడిచాయి. రెండోదానికి లండన్ నుంచి 'లాన్సెట్' పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ రావడానికి నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చింది. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు. లారీ వద్ద చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ తొలితరం మహిళా మత్తువైద్యుల్లో ఒకరిగా నిలిచింది. డబ్బుకు లోటు లేదు, రోగులకు లోటు లేదు, పేరుకూ లోటు లేదు. కాని తేలిన ఫలితం లారీ మొదటినుంచీ చెబుతున్నదే: ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదని. ఆ మాట నిలవలేదు. తేలికపాటి క్లోరోఫారం మత్తులోనే గుండె లయతప్పి ఆగిపోగలదని 1911లో ఎ.జి. లెవీ పిల్లుల మీద ప్రయోగాలతో చూపించాడు. రాస్‌కు డబ్బులేదు గాని ప్రశ్న తెరిచి ఉంది. లారీకి కావలసినంత డబ్బుంది గాని జవాబు ముందే సిద్ధంగా ఉంది. పోషణ అనే మాటను మన విమర్శకులు రాజాస్థాన కవుల విషయంలో ఎంత జాగ్రత్తగా వాడతారో, వైద్యుల విషయంలోనూ అంత జాగ్రత్తగా వాడాలి.

ఎల్లాప్రగడ సుబ్బారావు గురించి మన పత్రికల్లో వచ్చినన్ని కన్నీటి వ్యాసాలు మరే శాస్త్రవేత్త మీదా వచ్చి ఉండవు. మద్రాసు వైద్య కళాశాలలో చదివినా ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పాడు. మామగారి సాయమూ, కాకినాడ ప్రాంతపు మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయమూ కలిస్తే 1920ల మొదట్లో బోస్టన్ చేరాడు. అక్కడ ఆసుపత్రిలో చిల్లర పనులు చేస్తూ చదివాడు. తర్వాత లెడర్లీలో ఆయన నాయకత్వంలో బోదకాలు క్రిమిని చంపే మందు బయటికి వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఊరూరా పంచిన మాత్రలవే. 1948లో అక్కడే చనిపోయాడు. దేశం గుర్తించలేదని మనం వాపోతాం. గుర్తించడం తర్వాతి సంగతి. 1920లలో మద్రాసులో ఒక తెలుగు వైద్యుడు రోగుల్ని చూస్తూ పరిశోధన చేసుకోవడానికి ఒక గదీ ఒక జీతమూ ఉండి ఉంటే అన్న ప్రశ్న ఆ వ్యాసాలలో కనబడదు.

ఇక అసలు చెప్పదలుచుకున్న ఘట్టం. ఇది మా నేలకు సంబంధించింది.

రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో నీలగిరుల్లో, కూనూరులో ఒక చిన్న ప్రయోగశాల మొదలుపెట్టాడు. బెరిబెరి విచారణ దాని తొలి పేరు. ఎలుకలకు పంజాబీ తిండీ మద్రాసీ తిండీ వేరువేరుగా పెట్టి చూసిన ప్రఖ్యాత ప్రయోగాలు అక్కడివే. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. కొండమీద ఎలుకలకు కొదవలేదు గాని, చిక్కిపోయిన మనుషుల్ని చూడాలంటే పెద్ద ఆసుపత్రులున్న పట్నం కావాలి. హైదరాబాదుకు వచ్చాక అందులోని వైద్యులు ఉస్మానియా వంటి ఆసుపత్రుల వార్డుల్లో రోగుల్ని చూస్తూనే ప్రయోగశాలలో కూర్చున్నారు. వాళ్ళకు నాయకుడు సి. గోపాలన్, సేలంలో 1918లో పుట్టి మద్రాసులో ఎం.డి. చదివిన వైద్యుడు.

వార్డులోకి వచ్చే కూలీల్లో కొందరికి ఎండ తగిలే చోటల్లా, అంటే మెడచుట్టూ ముంజేతుల మీదా పాదాల మీదా, చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలుండేవి. కొందరికి మనసు చెదిరేది. ఇది పెల్లగ్రా. స్పెయిన్‌లో గాస్పర్ కాసల్ అనే వైద్యుడు 1735 నాటికే పేదరైతుల్లో దీన్ని గుర్తించాడు. ఇప్పటికీ మెడచుట్టూ వచ్చే నల్లని పట్టీని కాసల్ కంఠహారమంటారు. పేదవాడి మెడకు ఇంకే హారం దొరుకుతుంది? అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఇది అంటువ్యాధి కాదనీ తిండిలోపమనీ నిరూపించాడు. అందుకోసం రోగుల పొలుసులను, మలమూత్రాలను ఉండలుచేసి తాను మింగాడు. మొక్కజొన్న మీదే బతికేవాళ్ళకు వచ్చే జబ్బుగా పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. నియాసిన్ విటమినూ, దాన్ని శరీరం తయారుచేసుకునే ట్రిప్టోఫాన్ అనే ఆమ్లమూ మొక్కజొన్నలో అందవు కనుక.

కాని ఈ కూలీలు మొక్కజొన్న తినేవాళ్ళు కాదు. జొన్న తినేవాళ్ళు. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో అంత తక్కువ కాదు. పుస్తకం ప్రకారం ఈ జబ్బు వీళ్ళకు రాకూడదు. పుస్తకాన్ని నమ్మే వైద్యుడైతే విటమిను మాత్ర ఇచ్చి పంపేస్తాడు. రోగికి నయమూ అవుతుంది. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా అక్కడ ఆగలేదు. జొన్న మాంసకృత్తుల్లో ల్యూసిన్ అనే ఆమ్లం మితిమీరి ఉండటం వాళ్ళ కంటపడింది. ల్యూసిన్ ఎక్కువగా ఇచ్చినప్పుడు నియాసిన్‌కు సంబంధించిన వ్యర్థపదార్థాలు మూత్రంలో ఎలా మారుతున్నాయో కొలిచారు. ల్యూసిన్ శరీరంలో నియాసిన్ సంగతిని తారుమారు చేస్తున్నదని 1960లో 'లాన్సెట్'లో ప్రకటించారు. దీని మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి. కొన్ని ప్రయోగశాలల్లో ఫలితాలు ఇలాగే రాలేదు. అది దాని విలువను తగ్గించదని నా అభిప్రాయం. ఒక వార్డులోని మంచం మీద పుట్టిన సందేహం ప్రపంచమంతా తలపట్టుకునే చర్చ అయింది.

జొన్నను నిందించడం నా ఉద్దేశం కాదు. పప్పూ పాలూ ఆకుకూరా తోడుంటే జొన్నరొట్టె చేటు చేయదు. ఇప్పుడు పట్నాల్లో దాన్ని ఆరోగ్యం కోసం కొనుక్కుని తింటున్నారు. చేటు చేసింది రొట్టెలోకి కారమూ ఉప్పూ తప్ప మరేమీ లేకపోవడం. మా అమ్మ చెప్పేది: వాళ్ళ అవ్వకు ఏటా ఎండాకాలం మెడచుట్టూ నల్లని పట్టీ పడేదట. "ఎండకు కమిలిందనుకున్యాం. పొలం పోయేటోళ్ళకు ఎవురికి కమలదు?" అని. జ్ఞాపకాన్ని బట్టి రోగం పేరు చెప్పడానికి నేను వైద్యుణ్ణి కాను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న వాడకం తగ్గింది. ఆ పట్టీలు కూడా కనబడటం మానేశాయని మాత్రం ఆమె అంటుంది.

అదే సంస్థలో 1973లో మరొకటి తేలింది. నల్లగొండ వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగే ఊళ్ళలో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి వర్ణించారు. దీనికి ముందే 1937లో నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ మీద షార్ట్, పండిట్, రాఘవాచారి రాశారు. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. జబ్బు పత్రికకెక్కినంత త్వరగా ఊరికి మంచినీళ్ళు రాలేదన్నది వేరే వ్యాసానికి విషయం.

ఇక్కడ మద్దతు అంటే ఏమిటి? బిరుదులూ శాలువాలూ కాదు. రోగి మంచం పక్కన ప్రయోగశాల ఉండటం, చేస్తున్న పనికి జీతం ఆగకపోవడం, ప్రశ్న తెగేదాకా బదిలీ చేయకపోవడం. రాస్‌కు చివరిది దొరకలేదు. గోపాలన్ బృందానికి మూడూ దొరికాయి. తర్వాతి కాలంలో వైద్య కళాశాలల అధ్యాపకులకు పదోన్నతి కావాలంటే ప్రచురించిన పత్రాలుండాలని నిబంధన పెట్టారు. విశ్వవిద్యాలయాల్లో తెలుగు పిహెచ్.డి.లకు ఏం జరిగిందో తెలిసిన మనకు, దాని ఫలితం ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పరిశోధన విభాగాలు పెట్టే పథకం కూడా వచ్చింది. మంచిదే. కాని అది కళాశాల గోడ దాటదు. మా దేవనకొండ వంటి చోట నూరుమందిని చూసి అలిసిపోయిన వైద్యుడికి ప్రశ్న పుడితే దాన్ని ఎక్కడ నమోదు చేయాలి? నమోదు చేస్తే సంజాయిషీ అడగకుండా ఎవరుంటారు?

ఈ వ్యాసం రాసేముందు ఆ నోటుబుక్కు మళ్ళీ తెరిచాను. మొదటి పేజీల్లో నా చేతిరాత కూడా ఉంది. తీపు, సలుపు, పోటు, గుంజుడు, జివ్వుమనడం — ఒక్కోదానికి నేను చెప్పిన అర్థాలు. గుంజుడుకు నేను రాసిన అర్థాన్ని ఆయన కొట్టేసి, రోగులు చెప్పింది రాశాడు. ఆయన రాసిందే సరైనది. యాభై ఏడో పేజీలో ముప్ఫై రెండేళ్ళ ఆడమనిషి, మిరప కోత, రాత్రిపూట చేతులు మంట, "ఊరికొచ్చిన పదైదు దినాలకు తగ్గుతాది" అని ఉంది. పక్కన ఎర్రసిరాతో ప్రశ్నార్థకం. అట్లాంటివే ఇంకా పదకొండు ఎర్ర ప్రశ్నార్థకాలున్నాయి. తర్వాతి పేజీలకు గడులు మాత్రం గీసిపెట్టుకున్నాడు.