తెర ఆరిపోయిన వేళ

ఒకనాటి పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, మామగారి బొమ్మలన్నీ పాయె!" అంది. గొంతులో ఏడుపు వినిపించింది.

బొమ్మలంటే రాతి బొమ్మలు కావు. ఆళ్లగడ్డ శిల్పులకు పెట్టింది పేరు కదా, మా మరిదిదీ ఆ వృత్తే. వాళ్ల నాన్నగారు ఉన్నన్నాళ్లూ దేవతామూర్తుల నమూనాలు పెన్సిలుతో గీసి, పక్కనే కొలతలు రాసి పెట్టారు. ఆయన పోయాక కాగితాలకు చెదలు పట్టాయి. మిగిలినవాటిని స్కాన్ చేయించి కంప్యూటర్‌లో దాచుకున్నారు. ఇప్పుడా కంప్యూటర్ తెర నల్లగా మొహం పెట్టుకు కూర్చుంది. తెలిసినాయన్ని ఒకర్ని పిలిస్తే, చూసీ చూడకుండానే "పాత సరుకమ్మా, పారేసి కొత్తది కొనుక్కోండి" అని చక్కా పోయాడట. దాంతో మావాళ్లు తెరకే కాదు, బొమ్మలకీ నీళ్లు వదిలేసుకున్నారు.

చాలా ఏళ్లు బడిపిల్లలకు సైన్సు చెప్పిన ప్రాణం కదా, ఊరుకోబుద్ధి కాలేదు. టార్చిలైటు, స్క్రూడ్రైవరు, మల్టీమీటరు సంచిలో వేసుకుని నంద్యాలలో బస్సెక్కాను. రెండూళ్లకూ మధ్య నలభై కిలోమీటర్ల పైచిలుకు. శిరివెళ్ల దాటేదాకా నా ఆలోచనంతా ఆ నల్లటి తెర మీదే.

ఆలోచిస్తే, తెర ఆరిపోవడం మా ప్రాంతానికి కొత్తేం కాదు. నంద్యాల 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది గాని, అంతకు ముందు కర్నూలు జిల్లాలోదే. ఆ కర్నూలు జిల్లా పల్లెల్లో కొన్నిటికి టీవీ 1975లోనే వచ్చిందంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి మన దేశం ఒక పెద్ద ప్రయోగం చేసింది. దాని పేరు సైట్. అమెరికా వాళ్ల ఉపగ్రహాన్ని ఒక్క ఏడాదికి అడిగి తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు నేరుగా ఆకాశం నుంచి కార్యక్రమాలు పంపారు. మన రాష్ట్రంలో హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలతో పాటు కర్నూలు జిల్లాకూ ఆ అదృష్టం పట్టింది. టీవీ పెట్టెలు హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారు చేసింది. యాంటెన్నా ఏమిటనుకున్నారు? కోళ్లగూటికి కొట్టే తీగ జాలీ! దాన్ని పది అడుగుల గొడుగులా అమర్చి ఆకాశానికేసి తిప్పారు. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయమూ, ఆరోగ్యమూ, వినోదమూ. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తునుంచి తెలుగు మాట దిగి వచ్చి ఊరి నడుమ వినిపించింది.

1976 జూలై 31తో గడువు అయిపోయింది. ఉపగ్రహం వాళ్లది, తీసుకుపోయారు. ఆ ప్రసారం ఆగిపోయింది. తరువాత కొన్ని చోట్ల నేల మీది ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి గాని, ఆ మర్నాడు పెట్టె ముందు కూర్చున్నవాళ్లకు ఏం కనిపించి ఉంటుంది? పెట్టె బాగుంది, కరెంటు ఉంది, తెర మీద మాత్రం బొమ్మ లేదు. లోపం పెట్టెలో లేదు, పైనుంచి రావలసింది రాలేదు, అంతే.

బస్సు దిగేసరికి నాకొక సంగతి స్పష్టమైంది. తెర నల్లబడిందంటే ఏదో పోయిందని అర్థమే గాని, ఏది పోయిందో ఆ నలుపు చెప్పదు. అది మనమే వెతుక్కోవాలి.

నా సంచి చూసి మా మరిది నవ్వాడు. "సారె తెస్తారనుకుంటే స్క్రూడ్రైవర్ తెచ్చినారే వదినా!"

మొదట తెరను వదిలేసి కంప్యూటర్ పెట్టె సంగతి చూశాను. స్విచ్చి వేస్తే లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మానిటర్‌కు చిన్న దీపం వెలిగింది. అంటే కరెంటు వస్తోంది. కేబులు రెండు కొసలూ పీకి గట్టిగా బిగించాను. తెర మీద రెండు క్షణాలు ఏదో మెరిసి మళ్లీ చీకటి. అంటే పెట్టె నుంచి బొమ్మ వస్తూనే ఉంది. మరి కనిపించదేం?

"తలుపులు మూసి లైటు తియ్యి" అన్నాను చెల్లెలితో. చీకట్లో టార్చి వేసి, తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టుకున్నాను. లీలగా ఒక గీత కనిపించింది. ఆ తరువాత జూలు, ఆ తరువాత అభయహస్తం. మామగారు గీసిన అహోబిల నరసింహస్వామి! కంప్యూటర్ తెరిచీ తెరవగానే కనిపించాలని మావాళ్లు పెట్టుకున్న బొమ్మ అది.

"స్వామి ఉన్నాడక్కా!" అని మా చెల్లెలు రెండు చేతులూ జోడించింది. స్తంభంలో ఉన్న స్వామికి ఈ తెర ఒక లెక్కా? బొమ్మలు ఉండేది పెట్టెలోని డిస్కులో. తెర వాటిని చూపించే కిటికీ మాత్రమే. కిటికీ మూసుకున్నంత మాత్రాన ఇంట్లో సామాను పోతుందా?

ఆ చీకటి బొమ్మ వెనక ఒక చిత్రమైన కథ ఉంది. 1888లో ప్రాగ్ నగరంలో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు క్యారట్ దుంపల నుంచి తీసిన ఒక పదార్థాన్ని వేడి చేస్తున్నాడు. పేరిన నెయ్యి వెచ్చబెడితే ఒక్కసారే కరుగుతుంది. ఇది మాత్రం రెండుసార్లు కరిగినట్టు కనిపించింది. 145 డిగ్రీల దగ్గర మబ్బుగా ద్రవమయింది, 178 దాటాక తేటపడింది. ఆ మబ్బు స్థితినే తరువాత ద్రవస్ఫటికం అన్నారు. ఎనభై ఏళ్లు అది ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది. 1968లో అమెరికాలో ఆర్.సి.ఏ. కంపెనీ వాళ్లు దానితో తెరలు చేసి చూపించారు. అయితే ఈ స్ఫటికాలకు సొంత వెలుగు లేదు. వెనక దీపముంటే ఆ వెలుగును కొంత పోనిస్తాయి, కొంత ఆపుతాయి. అచ్చం మన తోలుబొమ్మలాటే! తెర వెనక దీపం ఆరిపోతే బొమ్మ ఆడుతూనే ఉంటుంది, చూసేవాళ్లకే కనిపించదు.

ఇక తేలవలసింది దీపానికి కరెంటు ఎందుకు అందడం లేదన్నదే. మానిటర్ విప్పాలి. ఇక్కడ కాస్త జాగ్రత్త సుమండీ! పాతకాలపు లావుపాటి డబ్బా మానిటర్‌ను, టీవీని ఇంట్లో ఎప్పుడూ విప్పకూడదు. బ్రౌన్ అనే జర్మన్ 1897లో కనిపెట్టిన గొట్టం అందులో ఉంటుంది, స్విచ్చి తీసేశాక కూడా దానిలో వేల వోల్టులు పొంచి ఉండవచ్చు. పల్చటి మానిటర్ అంత ప్రమాదం కాకపోయినా, దానిలోని పెద్ద కెపాసిటర్ మూడువందల వోల్టులకు పైగా పట్టి ఉంచగలదు. ప్లగ్గు పీకి ఒక పూటంతా ఊరుకుని, మల్టీమీటరు సున్నా చూపించాకే నేను చెయ్యి పెట్టాను. మీటరు వాడడం తెలియనివాళ్లు టార్చి పరీక్షతో ఆగి, తెలిసినవాళ్లకు ఇవ్వడమే మంచిది.

ఈ కెపాసిటర్ చరిత్ర కూడా చెంపదెబ్బతోనే మొదలైంది. 1745, 46 సంవత్సరాల్లో జర్మనీలో క్లైస్ట్, హాలెండులోని లైడెన్ పట్నంలో ముషెన్‌బ్రోక్ ఎవరికి వారు, సీసాలో నీళ్లు పోసి విద్యుత్తును దాచవచ్చని కనిపెట్టారు. కనిపెట్టడమంటే ఏముంది, సీసా ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి తగిలించారు, ఒళ్లు ఝల్లుమంది! ఆ లైడెన్ సీసాకు మునిమనవలే ఈ కెపాసిటర్లు. సీసా పోయి అల్యూమినియం డబ్బా, నీళ్లు పోయి రసాయనంలో తడిపిన కాగితం వచ్చాయి. వేడికి ఆ రసాయనం ఎండిపోతుంది, వాయువు పుడుతుంది, డబ్బా నెత్తి ఉబ్బుతుంది. 2000 ముందూ వెనకా కొన్నేళ్లు నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతటా కంప్యూటర్ సామాన్లలో పడ్డాయి. మావాళ్ల మానిటర్ ఆ కాలం కొన్నదే.

వెనక రేకు తియ్యగానే నాకంటే ముందు మా చెల్లెలే పట్టేసింది. "ఇవేందక్కా, పూరీల మాదిరి పొంగినాయి?"

రెండే రెండు. మిగతావన్నీ అరిసెల్లా చదునుగా ఉన్నాయి. రోజూ పెనం మీద ఏది పొంగిందో, ఏది పొంగలేదో చూసే కంటికి ఇదొక లెక్కా? వాటి మీద రాసి ఉన్న అంకెలు కాగితం మీద రాసుకున్నాం. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు అంతే గాని ఎక్కువ గాని ఉండాలి, 105 డిగ్రీల వేడి తట్టుకునేవి కావాలి. మా మరిది నంద్యాల వెళ్లి పట్టుకొచ్చాడు. రెండూ కలిపి యాభై రూపాయలు కూడా కాలేదు. టంకం వేసింది కూడా అతనే. నల్లరాతిలో స్వామి కనురెప్ప చెక్కే చెయ్యి కదా, వణకలేదు. డబ్బా మీద గీత ఉన్న వైపు మైనస్‌కు వచ్చేటట్టు చూసుకోవడం మాత్రం నా వంతు.

అన్నీ బిగించి స్విచ్చి వేశాం. రెండు క్షణాలు గడిచాయి. మూడోది, నాలుగోది. ఆరిపోలేదు. నరసింహస్వామి నిండు వెలుగులో కూర్చున్నాడు. మా మరిది చాలాసేపు ఆ పెన్సిలు గీతలకేసి చూస్తూ ఉండిపోయాడు.

"వదినా, రాయి తెచ్చిన్నాడు మేం దాన్ని తట్టి, మోత వినకుండా పక్కన పడెయ్యం" అన్నాడు. నిజమే. శిల్పశాస్త్రం రాళ్లను మోతను బట్టే పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విడదీసింది. "మా నాయిన గీసిన గీతలను మాత్రం తట్టి చూడకుండానే పారెయ్యబోతిమే!"

ఆ సాయంత్రమే బొమ్మలన్నిటికీ రెండు నకళ్లు తీయించాను. మానిటర్ బాగుపడింది గాని, డిస్కు కూడా ఏనాడో ఒకనాడు పోయేదే. అప్పుడు టార్చిలైటు ఏం చేస్తుంది? ఒక నకలు ఆళ్లగడ్డలో ఉంది. రెండోది నంద్యాలలో మా బీరువాలో, నా నాలుగు గాజుల పక్కన ఉంది. ఆ రెంటిలో ఏది విలువైనదని మావారు అడిగితే మాత్రం, ఇంకా జవాబు చెప్పలేదు.