సారా కిటికీ

మా ఊరి రామాలయంలో ఒక ట్యూబ్‌లైటు ఉండేది. దాని మీద మా పెద్దమ్మ కూతురి పేరు, కింద "జ్ఞాపకార్థం" అని ఎర్ర రంగుతో రాయించారు. ఆ రాతే సగం వెలుగు తినేస్తోందని పిల్లలం నవ్వుకునేవాళ్ళం. పెద్దమ్మ మాత్రం గుడికి వచ్చినప్పుడల్లా దాని కిందే కూర్చునేది. అది నవ్వాల్సిన విషయం కాదని నాకు బోధపడడానికి ముప్పై ఏళ్ళకు పైనే పట్టింది. అదీ ఇంగ్లండ్‌లో, ఒక చిన్న చర్చిలో.

పోయినేడు చదువుకుంటున్న అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్ళాను. ఒక ఆదివారం తనే నన్ను కెంట్ జిల్లాలోని ట్యూడ్లీకి తీసుకెళ్ళింది. టన్‌బ్రిడ్జ్‌లో రైలు దిగితే అక్కడికి దగ్గరే. పొలాల మధ్య ఇటుకల గంటగోపురం, చుట్టూ సమాధులు. ఇంత దూరం వచ్చింది దీనికా అనిపించింది. తలుపు తీసి లోపలికి అడుగుపెట్టాక నోట మాట రాలేదు. ఎదురుగా గోడంతా నీలం.

ఆ నీలం వెనక ఒక ఆడపిల్ల కథ ఉంది. ఆమె పేరు సారా. తండ్రి సర్ హెన్రీ డావిగ్డోర్-గోల్డ్‌స్మిడ్ పార్లమెంటు సభ్యుడు, యూదుడు. తల్లి రోజ్‌మేరీ క్రైస్తవురాలు. 1961లో షగాల్ అనే చిత్రకారుడు జెరూసలేం ఆసుపత్రిలోని ప్రార్థనా మందిరం కోసం చేసిన రంగు అద్దాలను పారిస్‌లో ప్రదర్శనకు పెడితే, తల్లీకూతుళ్ళు చూసి మురిసిపోయారు. రెండేళ్ళకు, 1963లో, రై ఊరి దగ్గర సముద్రంలో పడవ ప్రమాదంలో సారా మునిగిపోయింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్ళు. నా పక్కన నిలబడ్డ మా అమ్మాయికి 22. ఆ లెక్క మనసులోకి రాకుండా ఎలా ఉంటుంది?

పిల్ల దేన్ని చూసి సంతోషపడిందో దాన్నే ఆమె పేరున పెట్టించాలనుకున్నారు ఆ తల్లిదండ్రులు. షగాల్‌ని అడిగారు. ఆయన మొదట్లో అంతగా ఉత్సాహం చూపలేదట. చివరికి తూర్పు కిటికీ ఒక్కటి చేశాడు. కిటికీ అడుగున అలల్లో తేలుతున్న అమ్మాయి, దగ్గరలో ఏడుస్తున్నవాళ్ళు, ఎర్ర గుర్రం, పైకి వెళ్ళే నిచ్చెన, ఆ పైన శిలువ మీద క్రీస్తు. షగాల్ కూడా యూదుడే. ఈ సంగతి తెలిశాక ఆ శిలువను ఇంకాసేపు చూశాను.

గాజు పని ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో ఛార్లెస్ మార్క్ అనే నిపుణుడు చేశాడు. తెల్లగాజు మీద పల్చటి రంగు పొర ఉన్న గాజును తీసుకుని, ఆ పొరను ఆమ్లంతో అక్కడక్కడా కరిగిస్తారు. అందుకే ఒకే ముక్కలో ముదురు నీలం మెల్లగా తెలుపులోకి జారుతుంది. దాని మీద షగాల్ స్వయంగా కుంచెతో గీతలు గీశాడు. 1967లో కిటికీ పెట్టినప్పుడు ఆయన వచ్చి చూసి, మిగిలినవీ నేనే చేస్తానన్నాడు. మొత్తం 12 కిటికీలు అయ్యేసరికి 1985 వచ్చింది. ఆయన పోయిందీ ఆ ఏడాదే, 97వ ఏట. సారా తండ్రి 1976లోనే వెళ్ళిపోయాడు. పాత విక్టోరియా కాలపు అద్దాలను పారెయ్యకుండా పక్క గదిలోకి మార్చారు. ఇది నాకు నచ్చింది. వాటి వెనకా ఎవరో ఒకరి చేతులున్నాయి కదా.

అందరికీ షగాల్ దొరకడు. ఇంగ్లండ్ చర్చిల్లో ప్రార్థనకు మోకరిల్లేటప్పుడు వేసుకునే చిన్న దిండ్లుంటాయి. చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు వాటిని ఉన్నితో కుట్టి, పోయినవాళ్ళ పేర్లు, తేదీలు అల్లుతారు. 1930లలో వించెస్టర్ కెథడ్రల్‌లో లూయిజా పెసెల్ అనే ఆవిడ ఇలా దిండ్లు కుట్టే పెద్ద బృందాన్నే నడిపింది. నన్నడిగితే కిటికీ కన్నా దిండుకే ఎక్కువ ఓపిక కావాలి. ఒక్కొక్క కుట్టుకీ ఆ మనిషి గుర్తొస్తూనే ఉంటుంది. మా పెద్దమ్మ కూడా కూతురి పరికిణీలు, ఓణీలు కలిపి బొంత కుట్టింది. దాన్ని ఎవరికీ కప్పుకోవడానికి ఇవ్వదు. ఎండలో వేసి, మడిచి, మళ్ళీ బీరువాలో పెడుతుంది.

మధ్యాహ్నం ఎండ తిరిగాక మా అమ్మాయి తెల్లకోటు మీద నీలం, పసుపు మరకలు పడ్డాయి. ఫోటో తీయబోతే, "అమ్మా, కాసేపు ఊరికే చూడు" అంది. ఫోను సంచిలో పెట్టేశాను.

ఆ రాత్రి పెద్దమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "ఎన్నేళ్ళే ఆ పిల్లకి?" అంది.

"ఇరవై ఒకటి పెద్దమ్మా."

"మనదానికి పంతొమ్మిది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంత పెద్ద అద్దాలంటే దుమ్ము పడుతుంది కదే, ఎవరు తుడుస్తారు?" అనడిగింది.