ఇంకా మూడు ప్రశ్నలు

2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం వేళ విశాఖపట్నంలో గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది.

పొద్దుటి నుంచి ఈలలు వేసి, కేకలు పెట్టి, కిటికీ అద్దాలు రాల్చిన గాలి. రెండో అంతస్తు మాస్టారు తలుపు ఓరగా తెరిచి, "హమ్మయ్య, వెళ్లిపోయినట్టుంది" అన్నారు.

"ఎల్లనేదు బాబూ. ఇప్పుడు అటుపక్క నుంచి కొడతాది" అన్నాడు మెట్ల కింద ముడుచుకుని కూర్చున్న వాచ్‌మన్. శ్రీకాకుళం వైపు మనిషి. తుపాను కన్ను గురించి అతనికి టీవీవాళ్లు చెప్పక్కర్లేదు. అన్నట్టే కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి వచ్చిపడింది. ఇటు వంగి నిలబడిన చెట్లను అటు విరిచింది. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగం. ఒమన్ దేశం పెట్టిన ఓ పిట్ట పేరు, హుద్‌హుద్. సాయంత్రానికి మా వీధిలో నిలబడి ఉన్న కరెంటు స్తంభం ఒక్కటీ లేదు.

కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు. మోటారు లేదు కాబట్టి ట్యాంకులో నీళ్లు లేవు. లిఫ్టు లేదు. సెల్‌ఫోన్లు ఉన్నాయి గానీ టవర్లు లేవు. కింద నుంచి బకెట్లు మోసుకుంటూ ఎక్కేవాళ్లంతా రెండో అంతస్తు మలుపులో దించి ఊపిరి పీల్చుకునేవారు. ఆరేళ్లుగా లిఫ్టులో నేలచూపులు చూసుకున్న మనుషులు అక్కడ మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆట మొదలుపెట్టింది ఇంజినీరింగ్ చదివే అమ్మాయి. ఉన్న కొవ్వొత్తులు ఇంటికి రెండు. పొద్దుపోయేదాకా ఇళ్లలో వెలిగిస్తే రేపటికి ఉండవు. అందుకని అందరం మెట్ల మీదే కూర్చుని ఒక్కటే వెలిగించాం.

"అంకుల్, డంబ్ షరాడ్స్ ఆడదామా?" అంది.

"ఈ చీకట్లో సైగలు ఎవడికి కనిపిస్తాయమ్మా" అన్నాన్నేను.

"అయితే పది ప్రశ్నలు. ఒకరు సినిమా తలుచుకోవాలి. మిగతావాళ్లు పది ప్రశ్నలు అడగొచ్చు. అవును, కాదు, అంతే."

"కొత్త సినిమాలైతే నేను రాను" అన్నారు నాలుగో అంతస్తు మామ్మగారు. అప్పటికే ఆవిడ మెట్టు మీద చాప పరిచేశారు.

మొదట తలుచుకునే అవకాశం వాచ్‌మన్‌కి ఇచ్చాం. రెండు ప్రశ్నల్లో దొరికిపోయాడు: 'పాతాళభైరవి'. మర్నాడూ అదే తలుచుకున్నాడు. మూడో రాత్రి మాస్టారు ప్రశ్న కూడా అడగకుండా "పాతాళభైరవి" అన్నారు. "మీకెలా తెలిసిపోతాది బాబూ!" అని అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మరి ఇంకో సినిమా తలుచుకోవచ్చు కదయ్యా" అంటే, "తలుసుకోమంటే అదే తలపుకొస్తాది. ఊళ్లో టెంటులో రంగారావు బాబు నవ్వితే గుడ్డ అదిరిపోయేది" అన్నాడు.

మాస్టారు అలా కాదు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, సినిమాలనూ లెక్కలుగానే ఇచ్చేవారు. "ఒకరికి నూరోది, ఇంకొకరికి తొంభై తొమ్మిదోది. ఏమిటది?" ఆయన నోరు మూయకముందే మామ్మగారు, "గుండమ్మ కథ. రామారావుకి నూరు, నాగేశ్వరరావుకి తొంభై తొమ్మిది. ఇదీ ఒక ప్రశ్నేనా?" అనేశారు. "హీరో అసలు ఉద్యోగం డిప్యూటీ కలెక్టరు" అన్నారు మాస్టారు పట్టుదలగా. "శంకరాభరణం. సోమయాజులు. గురజాడవారి నాటకంలో రామప్పంతులుగా విజయనగరం ఆయన్ని ఎప్పుడో చూసేసింది. మీరు 1980లో చూశారు" అన్నారావిడ.

ఆట నెమ్మదిగా వాదమైంది. అన్నిట్లోకీ గొప్ప సినిమా ఏది? మాస్టారు 'శంకరాభరణం' దగ్గర నుంచి కదలరు. నేను 'మరో చరిత్ర' అన్నాను. 1978లో, రంగుల సినిమాలే ఆడుతున్న కాలంలో, బాలచందర్ నలుపు తెలుపుల్లో తీసి ఆడించాడు. పైగా అందులో ఉన్నది మా విశాఖ తీరం, మా భీమిలి. ఆ పొద్దున్నే బీచి రోడ్డు దాకా నడిచి వెళ్లి, దాన్ని గుర్తుపట్టలేక తిరిగొచ్చాను. ఆ రాత్రి ఆ సినిమా తరఫున కాస్త ఎక్కువగానే అరిచాను.

"గొప్పదేదో పోయినేడాదే తేలిపోయింది" అంది అమ్మాయి. "భారతీయ సినిమాకి నూరేళ్లయినప్పుడు సీఎన్ఎన్ ఐబీఎన్ వాళ్లు ఓటింగ్ పెడితే 'మాయాబజార్' ఫస్టొచ్చింది."

"ఓట్లతో తేలేదయితే..." అని మాస్టారు మొదలుపెట్టారు గానీ మామ్మగారి చూపు చూసి ఆగిపోయారు.

అసలు గొడవ సోమవారం రాత్రి జరిగింది. తలుచుకునే వంతు ఐదో తరగతి పిల్లాడిది.

"కలర్ సినిమానా?" మాస్టారు అడిగారు.

"అవును."

"ఎన్టీఆర్ ఉన్నాడా?"

"అవును."

"రాముడా?"

"కాదు."

'లవకుశ' పోయింది. "కృష్ణుడా?"

"అవును."

మాస్టారు తొడ మీద చరిచారు. "దానవీరశూరకర్ణ!"

"కాదు."

"శ్రీమద్విరాటపర్వం!"

"కాదు."

"అసలు పాండవులు ఉన్నార్రా అందులో?"

"లేరు."

మెట్ల మీద అందరం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. పాండవులు కనిపించని రంగుల భారతం ఏమిటి? మిగిలిన ప్రశ్నలూ గాలిలోనే పోయాయి. పదోది అయ్యాక పిల్లాడు నింపాదిగా చెప్పాడు: "మాయాబజార్."

మాస్టారికి కోపం నషాళానికంటింది. "అబద్ధం! అది నలుపు తెలుపు. 1957లో మా నాన్న భుజం మీద చెయ్యేసి చూపించాడు. అప్పటికి నేను నీ అంతవాణ్ని."

"నేను కలర్లోనే చూశాను" అన్నాడు వాడు.

అబద్ధం కాదు. 2010 జనవరిలో ఆ సినిమాకి రంగులద్ది, నిడివి కొంత తగ్గించి, సినిమాస్కోపులో మళ్లీ విడుదల చేశారు. వాడు పుట్టాక వచ్చిన 'మాయాబజార్' అదే. నలుపు తెలుపుల్లో ఒకటి ఉందని వాడికి ఆ రాత్రే తెలిసింది.

"మార్కస్ బార్‌ట్లే వెన్నెల తీశాడ్రా అందులో!" మాస్టారి గొంతు వణికింది. "స్టూడియోలో, దీపాలతో! ఆ వెన్నెలకి రంగెందుకు?"

"వెన్నెల నీలంగా ఉంటుంది కదా తాతగారూ" అన్నాడు పిల్లాడు.

దానికి మాస్టారి దగ్గర జవాబు లేదు. మామూలు రోజుల్లో అయితే నలుగురం నాలుగు ఫోన్లు తీసి, ఏది సరైనదో అర నిమిషంలో తేల్చేసి, ఎవరింటికి వాళ్లం వెళ్లిపోయేవాళ్లం. ఆ రాత్రి తేల్చడానికి ఏమీ లేదు. అందుకని ఎవరికి వాళ్లు గుర్తున్నది చెప్పుకున్నారు. 'సొంతవూరు' సినిమాలో వేసిన కృష్ణుడు జనానికి ఎక్కకపోయినా కె.వి.రెడ్డి పట్టుబట్టి రామారావుకే మళ్లీ కిరీటం పెట్టించిన సంగతి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు సావిత్రి ఆడతనం వదలకుండానే రంగారావులా నడిచిన వైనం. పింగళి పుట్టించిన తసమదీయులు, వీరతాళ్లు.

ఇంతలో పిల్లాడికి ఓ ఆలోచన వచ్చింది. "తాతగారూ, పడవ పాటలో శశిరేఖ చీర ఏ రంగో చెప్పండి చూద్దాం!"

మాస్టారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎరుపు."

"ఎరుపేమిటి?" మామ్మగారు చాప మీద నిటారుగా కూర్చున్నారు. "చిలకాకుపచ్చ. బంగారు అంచు."

"గులాబి రంగండి" అన్నాడు వాచ్‌మన్ కింది మెట్టు నుంచి.

ముగ్గురూ చూసింది తెలుపూ నలుపూనే. ముగ్గురికీ రంగులో సందేహం లేదు. నేను లోలోపల పసుపు అనుకుంటున్నాను.

"నాకు తెలుసు! చెప్పనా?" పిల్లాడు లేచి నిలబడ్డాడు.

"చెప్పకు నాన్నా" అన్నారు మామ్మగారు. ఆవిడ చెయ్యి చాపి వాడి నోరు మూసేశారు. "యాభై ఏడేళ్లుగా అదే చీర కడుతున్నాను దానికి. ఇప్పుడు విప్పించకు."

మాస్టారు కూడా తల అడ్డంగా ఊపారు. నాలుగు రోజుల్లో వాళ్లిద్దరూ ఒప్పుకున్నది అదొక్కటే.

ఆ తర్వాతి రోజుల్లో పాలప్యాకెట్టు కోసం చెప్పిన ధర ఇచ్చాం. నీళ్ల ట్యాంకరు వెనక పరుగెత్తాం. రాత్రయ్యేసరికి మెట్ల మీద చేరాం. గురువారం నాటికి కొవ్వొత్తి ముక్క బొటనవేలంత మిగిలింది. ఆ రాత్రి మామ్మగారి వంతు.

"నలుపు తెలుపా?"

"అవును."

"పౌరాణికమా?"

"కాదు."

"ఎన్టీఆర్ ఉన్నాడా?"

"ఉన్నాడు."

"నాగేశ్వరరావో?"

"లేడు."

"సావిత్రి?"

"ఉంది." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో ఏదో వెలిగింది.

"సినిమా రాకముందే ఆ కథ జనానికి తెలుసా?" అడిగింది అమ్మాయి.

"ఎంత బాగా తెలుసో!"

మాస్టారు కళ్లు చిట్లించారు. ఏదో అందుతున్నట్టుంది. "మన వైపు కథేనా?"

"అవును" అన్నారావిడ.

అప్పుడు వచ్చింది కరెంటు.

మెట్ల మీది బల్బు ఒక్కసారిగా వెలిగింది. వీధంతా కేకలు. "మోటారెయ్యండి!" అని వాచ్‌మన్ కిందికి పరుగు. అమ్మాయి చార్జరు కోసం, నేను ఫ్రిజ్ చూడ్డానికి, పిల్లాడు టీవీ కోసం. రెండు నిమిషాల్లో మెట్లు ఖాళీ. చాప ఒక్కటే మిగిలింది, పక్కన పొగ చిమ్ముతున్న వత్తి.

మర్నాటి నుంచి లిఫ్టు పనిచేసింది. మెట్ల మీద ఎవరూ కూర్చోలేదు.

దీపావళి ముందు ఓ రోజు లిఫ్టులో మామ్మగారూ నేనూ ఎదురుపడ్డాం. "ఆ రాత్రి సినిమా ఏమిటండీ?" అన్నాను.

ఆవిడ నా వంక చూసి, "ఇంకా మూడు ప్రశ్నలున్నాయి. అడుగు" అన్నారు.

సమాధానం నాకు తెలుసనే అనుకుంటున్నాను. జేబులో ఫోనుంది, సిగ్నలూ ఉంది. నాలుగో అంతస్తు వచ్చేలోగా మూడు కాదు, ఆరు ప్రశ్నలు అడగొచ్చు. నేను మాత్రం ఏమీ అడగలేదు. ఆవిడ దిగి, తలుపు మూసుకునేలోగా వెనక్కి తిరిగి నవ్వారు.

ఆ మూడూ అలాగే ఉన్నాయి.