కంపెనీ చేతులు మారినప్పుడు: రాఫా నుండి నరసాపుర వరకు

మన సరిహద్దు పల్లెలలో "కంపెనీ" అనే మాట ఒక్కటే గాని, దాని వెనుక వస్తువులు మూడు. బట్టపై కుట్టిన పేరు ఒకటి. ఆ బట్టను కుట్టే కర్మాగారం రెండవది. ఆ కర్మాగారపు వాటాలు ఎవరి పేరున ఉన్నవో ఆ యజమానులు మూడవవారు. వీటిలో ఏది అమ్ముడుపోయిందో తెలియక ముందే "కంపెనీని అమ్మేశారంట" అన్న వార్త కంపెనీ బస్సులోనే ఊరు చేరుతుంది. ఆ రాత్రి ఇంట్లో ప్రశ్న ఒక్కటే: పీఎఫ్ ఏమవుతుంది, ఇన్నేళ్ల సర్వీసు ఏమవుతుంది? వేమగల్, నరసాపుర పారిశ్రామిక వాడలకు వెళ్లేవారికీ, బెంగళూరు గార్మెంట్స్‌లో కుట్టుపని చేసేవారికీ ఈ ప్రశ్న కొత్తది కాదు. మూడు అమ్మకాలను వరుసగా పరిశీలిస్తే సమాధానం కొంత స్పష్టమవుతుంది. వాటిలో ఒకటి విదేశంలో, రెండవది బెంగళూరులో, మూడవది మన జిల్లాలోనే జరిగాయి.

రాఫా: పేరుకు పలికిన ధర

రాఫా అనేది సైకిలు తొక్కేవారు ధరించే ఖరీదైన దుస్తుల సంస్థ. సైమన్ మోట్రమ్ అనే వ్యక్తి 2004లో లండన్‌లో దీనిని స్థాపించారు. పూర్వం ఐరోపాలో సెయింట్ రాఫేల్ అనే మద్యపు కంపెనీ పోషణలో ఒక సైకిలు పందెపు జట్టు ఉండేది. ఆ జట్టు పేరును కుదించి వాడిన రూపమే రాఫా. దీని చొక్కాలు కొన్ని నూరు పౌండ్లకు పైబడి పలుకుతాయి. 2013 నుండి 2016 వరకు టీమ్ స్కై అనే ప్రసిద్ధ జట్టుకు దుస్తులు సమకూర్చిన సంస్థ ఇదే. మన ప్రాంతంలో సైకిలు పాలక్యాను మోయడానికో, బడికి పోవడానికో గాని, దానికోసం ప్రత్యేకంగా దుస్తులు ధరించే వాడుక లేదు. బెంగళూరు నుండి ఆదివారం ఉదయం నంది కొండ వైపు సాగే సైకిలు గుంపులను చూసినవారికి మాత్రం ఈ సరకు ఎవరికోసమో అర్థమవుతుంది.

2017 ఆగస్టులో ఈ సంస్థను ఆర్‌జెడ్‌సి ఇన్వెస్ట్‌మెంట్స్ కొన్నది. ధర దాదాపు 20 కోట్ల పౌండ్లని పత్రికలు వ్రాశాయి. ఆర్‌జెడ్‌సి యజమానులు స్టూవర్ట్ వాల్టన్, టామ్ వాల్టన్ అనే సోదరులు. వాల్‌మార్ట్ దుకాణాల స్థాపకుడు శామ్ వాల్టన్‌కు వీరు మనుమలు. మరుసటి ఏడు, అంటే 2018లో, బెంగళూరు ఫ్లిప్‌కార్ట్‌లో దాదాపు 77 శాతం వాటాను కొన్నది ఆ వాల్‌మార్టే. కాని ఈ రెండింటినీ కలపరాదు. ఫ్లిప్‌కార్ట్‌ను కొన్నది వాల్‌మార్ట్ కంపెనీ, రాఫాను కొన్నది ఆ కుటుంబంలోని ఇద్దరి సొంత పెట్టుబడి సంస్థ.

ఇంతకీ వారు కొన్నదేమిటి? మన కండ్లకు కనబడే అర్థంలో కర్మాగారం కాదు. రాఫా దుస్తులను ఒప్పందం మీద ఇతరుల కర్మాగారాలు కుట్టి ఇస్తాయి. అమ్ముడుపోయినది ప్రధానంగా పేరు, నమూనాలు, దుకాణాలు, ఆ పేరును నమ్ముకున్న కొనుగోలుదారులు. యజమాని మారిన మరునాడు కుట్టు యంత్రం ముందు కూర్చున్నవారికి మారేదేమీ ఉండదు. మార్పు వస్తే ఆర్డరు రూపంలో వస్తుంది. కొత్త యజమాని సరకు తగ్గించినా, మరొక దేశానికి మళ్లించినా, ఆ దెబ్బ మూడు నెలలకో ఆరు నెలలకో కర్మాగారానికి తగులుతుంది. అక్కడ మనకు చట్టం చేసే సాయం అత్యల్పం, ఎందుకంటే పేరు గలవాడు మన యజమాని కాడు.

ధనవంతుడు కొన్నంత మాత్రాన లాభం వస్తుందనీ లేదు. కొనుగోలు తరువాత ఏళ్ల తరబడి రాఫా లెక్కలలో నష్టమే కనబడింది. అమెరికా ఖండపు కార్యాలయం పోర్ట్‌లాండ్ నగరం నుండి వాల్టన్‌ల స్వస్థలమైన బెంటన్‌విల్‌కు మారింది. స్థాపకుడు మోట్రమ్ 2021లో ముఖ్య నిర్వహణాధికారి పదవి నుండి తప్పుకున్నారు.

గోకల్‌దాస్: రూపాయికి పదిహేను పైసలు

మనకు దగ్గరి ఉదాహరణ బెంగళూరు గోకల్‌దాస్ ఎక్స్‌పోర్ట్స్. ఇది హిందూజా కుటుంబం నెలకొల్పిన ఎగుమతి దుస్తుల సంస్థ. లండన్‌లో ఉండే హిందూజాలు వేరు, వీరు వేరు. విదేశీ బ్రాండ్లకు కుట్టి పంపడమే దీని ప్రధాన వ్యాపారం. దేశాలవారీ దిగుమతి కోటాల విధానం 2005 జనవరి 1న రద్దయింది. అటుపై భారతదేశపు కుట్టుపనికి గొప్ప భవిష్యత్తు ఉన్నదని పెట్టుబడిదారులు తలచారు. 2007 ఆగస్టులో అమెరికాకు చెందిన బ్లాక్‌స్టోన్ ఇందులో 50.1 శాతం వాటాను, ఒక్కో వాటా 275 రూపాయల లెక్కన, కొనడానికి ఒప్పందం చేసుకొన్నది. అప్పటికి అందులో పనిచేసేవారు నలభై వేలకు పైబడి ఉన్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు.

మరుసటి ఏడు ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది, విదేశీ ఆర్డర్లు పడిపోయాయి. పదేళ్లు మోసిన తరువాత 2017లో బ్లాక్‌స్టోన్ తన వాటాను క్లియర్ వెల్త్ కన్సల్టెన్సీ అనే సంస్థకు ఒక్కోటి 42 రూపాయలకు విక్రయించింది. ఆ సంస్థ మాథ్యూ సిరియాక్‌ది. ఆయన అంతకుముందు బ్లాక్‌స్టోన్‌లోనే ఉన్నతాధికారిగా పనిచేసినవారు. మధ్యలో వచ్చిన లాభాంశాలను విడిచి లెక్కిస్తే, పెట్టిన రూపాయికి తిరిగివచ్చినది పదిహేను పైసలు. అంతటి సంస్థ లెక్కే తప్పినప్పుడు, "కొన్నవాడు పెద్దవాడు, ఇక దిగులు లేదు" అని ఊరటపడడం ఎంతవరకు తగునో పాఠకులే ఆలోచించాలి. విచిత్రమేమంటే, నష్టానికి అమ్మిన ఆ వాటాయే 2024 చివరికి వేయి రూపాయలు దాటింది.

ఈ రెండు ధరల నడుమ కర్మాగారాల కథ వేరుగా నడిచింది. 2020 జూన్‌లో శ్రీరంగపట్టణంలోని ఈ సంస్థ యూనిట్‌లో దాదాపు 1,200 మంది ఒక్కసారిగా పని కోల్పోయారు. యంత్రాలు తరలిస్తుండగా కార్మికులు గేటు వద్ద బైఠాయించారు. ఆర్డర్లు లేవని యాజమాన్యం చెప్పింది. ప్రభుత్వ అనుమతి లేకుండా మూయరాదని కార్మిక సంఘం వాదించింది. అప్పటి కేంద్ర చట్టం ప్రకారం నూరు మందికి మించిన కర్మాగారాన్ని మూయడానికి ముందస్తు అనుమతి తప్పనిసరి. ఆ యూనిట్ కుట్టి పంపే స్వీడన్ బ్రాండు హెచ్ అండ్ ఎమ్ పేరు అంతర్జాతీయ పత్రికలకు ఎక్కడంతో వివాదానికి బలం వచ్చింది. 2021 ఆరంభంలో తిరిగి పనిలోకి తీసుకొనడంపై ఒప్పందం కుదిరింది. వాటాల అమ్మకం జరిగినప్పుడు లేని కల్లోలం యూనిట్ మూసినప్పుడు వచ్చిందన్నది గమనించవలసిన సంగతి.

నరసాపుర: పేరు మారింది, కంపెనీ మారలేదు

మన జిల్లాలో అందరెరిగినది విస్ట్రాన్. తైవాన్‌కు చెందిన ఈ సంస్థ నరసాపురలో ఐఫోన్లు బిగించేది. 2020 డిసెంబరు 12న జీతాల విషయమై అక్కడ జరిగిన గలాటా దేశమంతా తెలిసినదే. 2023 అక్టోబరులో దానిని టాటాలు కొంటున్నట్లు ప్రకటన వెలువడింది. ధర 12.5 కోట్ల డాలర్లు. టాటా ఎలక్ట్రానిక్స్ కొన్నది భవనాలను, యంత్రాలను విడివిడిగా కాదు, విస్ట్రాన్ భారతీయ కంపెనీ వాటాలను నూటికి నూరు.

అసలు చిక్కుముడి ఇక్కడే విడుతుంది. వాటాలు అమ్ముడైతే చట్టం దృష్టిలో యజమాని మారలేదు. ఉద్యోగిని నియమించినది కంపెనీ. ఆ కంపెనీ, బోర్డు మీద పేరు మార్చుకొన్నా, అదే వ్యక్తిగా కొనసాగుతుంది. కనుక చేరిన తేదీ, సెలవులు, గ్రాట్యుటీ లెక్కించే సర్వీసు యథాతథం. "యజమాని మారాడు, అందరూ రాజీనామా ఇచ్చి కొత్తగా చేరండి" అనడానికి ఆధారం లేదు.

కర్మాగారాన్నే విడదీసి మరొక కంపెనీకి అప్పగిస్తే అది వేరు. అప్పుడు యజమాని నిజంగా మారినట్లు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 25ఎఫ్ఎఫ్ సెక్షన్‌లో దీనికి నియమముండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా ఆ నియమాన్ని కొనసాగించింది. మార్పు వలన సర్వీసు తెగరాదు. కొత్త షరతులు పాతవాటికంటె తక్కువ కారాదు. రేపు తొలగించవలసి వస్తే, పాత సర్వీసును కూడా కలిపి పరిహారం ఇచ్చే బాధ్యత కొత్త యజమాని వహించాలి. ఈ మూడూ నెరవేరితే పరిహారం అడగడానికి వీలులేదు. ఏ ఒక్కటి తప్పినా, కనీసం ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికునికి, నిండిన ప్రతి ఏటికీ పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున పరిహారమూ, నోటీసూ రావాలి. అదే కొత్త స్మృతి, మూసివేతకు ముందస్తు అనుమతి అవసరమయ్యే హద్దును నూరు నుండి మూడు వందల మందికి పెంచింది. చిన్న యూనిట్లలో పనిచేసేవారికి ఇది మేలు చేసే మార్పు కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రాజీనామా కాగితం ఖరీదు

సర్వీసు తెగితే పోయేదెంతో ఒక లెక్క వేసి చూద్దాం. గ్రాట్యుటీకి లెక్కించే నెల వేతనం 13,000 రూపాయలనుకొందాం. దానిని 26తో భాగించి 15తో గుణిస్తే 7,500. ఎనిమిదేళ్ల సర్వీసుకు 60,000 రూపాయలు. శాశ్వత ఉద్యోగి తనంతట తాను మానినప్పుడు ఇది దక్కాలంటే ఐదేళ్లు నిండాలి. నిర్ణీత కాలపు ఒప్పందంపై చేరినవారికి ఇప్పుడు ఏడాది చాలు. నాలుగేళ్లు చేసిన అమ్మాయి చేత రాజీనామా వ్రాయించి, మరునాడు కొత్త తేదీతో చేర్చుకొంటే ఆ నాలుగేళ్లూ లెక్కలోంచి జారిపోయే ప్రమాదమున్నది. పీఎఫ్ తీసుకొనే ఆశతో మనవారే ఇందుకు ఒప్పుకొనడం కూడా కద్దు. ఇంట్లో పెళ్లో, బోరుబావో ఉన్నప్పుడు ఆ డబ్బు మీద చూపు పడడం సహజమే గాని, పీఎఫ్ కోసం పోగొట్టుకొనేది గ్రాట్యుటీ అని ముందుగా తెలిసి ఉండాలి.

పీఎఫ్ సొమ్ము కార్మికులకు ఎంత ప్రాణమో 2016 ఏప్రిల్ 18, 19 తేదీలలో బెంగళూరు చూసింది. యజమాని వాటా తీసుకొనడాన్ని వయసు మళ్లేదాకా ఆపే నిబంధనకు వ్యతిరేకంగా వేలాది గార్మెంట్స్ కార్మికులు, అత్యధికులు స్త్రీలు, హోసూరు రోడ్డును దిగ్బంధించారు. ఏ పెద్ద నాయకుడూ పిలుపునివ్వని ఆ ఆందోళనకు కేంద్ర ప్రభుత్వం రెండవ రోజునే నిబంధనను వెనుకకు తీసుకొన్నది.

చేతులు మారే వార్త వినగానే చేయవలసిన పనులు స్వల్పమే. నియామక పత్రం, తొలి జీతపు చీటీ, ఇటీవలి జీతపు చీటీ మూడూ ఒకచోట భద్రపరచాలి. యజమానిగా ఏ కంపెనీ పేరు అచ్చయి ఉన్నదో చూసుకోవాలి. చాలామంది జీతం కూలీ కాంట్రాక్టరు పేరున వస్తుంది, అప్పుడు పై కంపెనీ అమ్ముడైనా వారి యజమాని ఆ కాంట్రాక్టరే. కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉన్న కాగితంపై, చదివి చెప్పేవారు లేనిదే, సంతకం చేయరాదు.

పీఎఫ్ యూఏఎన్ సంఖ్య యజమాని మారినా మారదు. కాని కర్మాగారం వేరే కంపెనీకి అప్పగింపబడితే ఆ సంఖ్య కింద కొత్త సభ్యత్వ సంఖ్య ఒకటి చేరవచ్చు. పాస్‌బుక్‌లో అలా రెండు కనబడితే పాతదానిలోని సొమ్మును కొత్తదానికి ఫారం 13 ద్వారా బదిలీ చేయించుకోవాలి. సొమ్ము తీసివేసుకొంటే గాక, బదిలీ చేసుకొంటేనే పాత సర్వీసు కూడా పింఛనుకు కావలసిన పదేళ్లలో కలుస్తుంది.