తీపి ఎక్కడ ఆగింది? తిరుత్తణి తాటిచెట్ల చరిత్ర

పట్టాభిరామ్‌లో రైలెక్కి తిరువళ్ళూరు, అరక్కోణం దాటి తిరుత్తణి వైపు పోతే చెరువుకట్టల మీద, చేల గట్ల మీద తాటిచెట్లు కనబడతాయి. ఒకే చెట్టు రెండు రకాల పానీయాలిస్తుంది. ముంత లోపల సున్నం పూసి కడితే దిగేది తియ్యటి నీరా, ఇక్కడి తమిళంలో పదనీర్. సున్నం లేకుండా కడితే కల్లు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాయే మన ప్రాంతంలో ఎనభై ఏళ్ళకు పైగా రాజకీయం అయింది.

తాటిలో పోతు చెట్టు వేరు, పెంటి చెట్టు వేరు. రెండింటి పూగెలలనూ గీస్తారు. కోసిన చోట ఆరిపోకుండా రోజూ కాస్త చెక్కాలి, అంటే రోజూ చెట్టెక్కాల్సిందే. కారే రసంలో నూటికి 10 నుంచి 12 వంతులు చక్కెర ఉంటుంది. గాలిలో, ముంతలో ఉండే ఈస్టు ఆ చక్కెరను తిని ఆల్కహాల్ చేస్తుంది. సున్నం ఆ పనిని ఆపుతుంది. మన ఎండకి పులియడం గంటల్లో మొదలవుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పుల్లగా మారుతుంది, వదిలేస్తే చివరికి వెనిగరే.

జర్మనీలో రీస్లింగ్ ద్రాక్షతో చేసే వైన్‌లోనూ అసలు లెక్క ఇదే, చక్కెర ఎంత మిగిలిందని. ఆ ద్రాక్ష పేరు 1435 నాటి కాగితంలోనే ఉంది. చక్కెర దాదాపు అంతా పులిసిపోయి, లీటరుకు 9 గ్రాములు మించకుండా మిగిలితే దాన్ని ట్రోకెన్, అంటే తీపి లేనిది అంటారు. మోసెల్ నది ఒడ్డున నిటారు వాలుల్లో పలకరాయి పగటి వేడిని పట్టి రాత్రికి వదులుతుంది. చలిదేశం కాబట్టి కాయలో పులుపు నిలుస్తుంది. ఆ పులుపు బలంతోనే మంచి సీసా పదుల ఏళ్ళు ఉంటుంది, సముద్రాలు దాటి అమ్ముడుపోతుంది.

కల్లు అట్లా కాదు. దాని ఆయుష్షు ఒక రోజు. దిగిన ఊళ్ళోనే తాగాలి. అందుకే చట్టం మారితే వైన్ ఇంకో ఊరికి పోయి బతుకుతుంది గానీ, కల్లు ఆ రోజే ఆగిపోతుంది. గీసేవాడి పనీ దాంతోనే ఆగిపోతుంది.

తిరుత్తణికి అదే జరిగింది. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. మరుసటేడు అది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. అప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు తిరుత్తణి అందులోకి పోయింది. నిషేధం ఎత్తేయాలని రామమూర్తి కమిటీ చెప్పినా ప్రభుత్వం వినలేదు. గౌతు లచ్చన్న గీతకార్మికుల పక్షాన నిలబడ్డారు. 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ప్రకాశం పంతులు ప్రభుత్వం పడిపోయింది. తెలుగువాళ్ళ మొదటి రాష్ట్రంలో మొదటి ప్రభుత్వం పోయింది కల్లు దగ్గరే!

తర్వాత పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు పోయాయి. చెట్లు, మనుషులు, మాట అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, చట్టం మాత్రం రెండయింది. ఇప్పుడు నగరి వైపు కల్లుకు లైసెన్సు ఉంది. ఇటు తమిళనాడులో 1987 నుంచి కల్లు నేరం, పదనీర్ మాత్రం సరే. తాటి ఇక్కడ రాష్ట్ర వృక్షం, కొట్టాలంటే కలెక్టరు అనుమతి కావాలి. చెట్టుకైతే కాపలా దొరికింది, చెట్టెక్కే చేతికి మాత్రం పని తగ్గింది.

పనితోపాటు మాటా పోతుంది. కన్నడ బడిలో చదివిన నాకు హెండ అనే మాట తెలుసు. పోతుతాడి, పెంటితాడి, మోకు, గీతకత్తి లాంటివి పెద్దవాళ్ళ నోట విని నేర్చుకున్నవే. మన పిల్లలకు తాటిముంజలు తప్ప ఇంకేం తెలియదు. మీ ఇంట్లో చెట్టెక్కినవాళ్ళు గానీ, వాళ్ళను చూసినవాళ్ళు గానీ ఉంటే ఈ మాటలు అడిగి రాసిపెట్టండి. ఏ ఊరి మాటో కూడా రాయండి, ఎందుకంటే ఊరు మారితే మాటా మారుతుంది, కల్లు రుచి మారినట్టే.