బతికిన కాలేజీకి సెలవు

మద్రాసులో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లోని పెద్దలకు రెండు ‘కాలేజీలు’ గుర్తుండే ఉంటాయి. ఎగ్మూరు మ్యూజియాన్ని ఊరిజనం ‘సెత్త కాలేజ్’ అనేవారు. సెంట్రల్ స్టేషను దగ్గర పీపుల్స్ పార్కులో ఉన్న జంతుప్రదర్శనశాలను ‘ఉయిర్ కాలేజ్’ అనేవారు. ఒకటి చచ్చిన కాలేజీ, రెండోది బతికిన కాలేజీ. నిజానికి రెండోది మొదటిదాని కడుపున పుట్టిందే. మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ 1855లో ఆ ఆవరణలోనే జంతువులను చేర్చాడు. 1860లలో వాటిని పార్కుకు మార్చారు.

పుట్టుకలోని పోలిక చూపులోనూ మిగిలింది. అద్దాల బీరువాలో పులినైనా, ఇనుపచువ్వల వెనక పులినైనా చూడవచ్చినవారికి కనబడితే చాలు. మైసూరులో 1892లో, ఒరిస్సాలోని నందన్‌కానన్‌లో 1960లో, హైదరాబాదులో 1963లో పెద్ద జూలు వెలిశాయి. వాటితోపాటు ఊళ్లలోని పార్కుల్లో నాలుగు బోనులు పెట్టినవారూ ఉన్నారు. జూ తెరవాలంటే ఎవరి అనుమతి కావాలి, లోపలి జీవికి ఎంత చోటివ్వాలి అని దేశమంతటికీ చెప్పే కట్టుబాటు మాత్రం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రధానంగా అడవిలోని జంతువును చూసింది, బోనులోనిదాన్ని కాదు.

చట్టం కన్నా ముందే మద్రాసు జూ ఇరుకును వదిలి 1985లో వండలూరు చేరింది. తరువాత 1991లో చట్టాన్ని సవరించారు. 1992లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఏర్పడింది. దాని గుర్తింపు లేనిదే ఎవరూ జూ నడపకూడదు. పశువైద్యం ఉండాలి, జీవికి తగిన ఆవరణ ఉండాలి, చనిపోయిన ప్రతి జంతువుకూ శవపరీక్ష జరగాలి. జంతువులను రాళ్లతో కొట్టినా, ఏడిపించినా ఆరు నెలల దాకా జైలుశిక్ష పడవచ్చు. ఈ కొలతలకు తూగక గుర్తింపు పొందలేకపోయినవి ఎన్నో. 2009లో నియమాలను మళ్లీ రాశారు. ఆ ఏడే, ఏనుగుకు జూలో చాలినంత చోటు లేదని, వాటిని జూల నుంచి తరలించాలని ఆ సంస్థ ఆదేశించింది.

ఈ నియమాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది చాలా చిన్నది: ప్రతి జూనూ వారానికి ఒకరోజు సందర్శకులకు మూసివేయాలి. మైసూరులో, వండలూరులో మంగళవారం, నందన్‌కానన్‌లో, హైదరాబాదులో సోమవారం. పిల్లలను వెంటబెట్టుకుని దూరం నుంచి వచ్చి, మూసిన గేటు చూసి విసుక్కోనివాళ్లు అరుదు.

ఎగ్మూరు మ్యూజియానికీ శుక్రవారం సెలవే. దానివల్ల బీరువాలోని పులికి ఒరిగేది ఏమీ లేదు. ఇక్కడ మాత్రం లోపల ఒక ప్రాణి ఆ రోజంతా ఎవరికీ కనబడకుండా పడుకుంటుంది. రెండు కాలేజీలకూ తేడా ఏమిటో చట్టానికి తెలియటానికి నూటముప్పై ఏళ్లకు పైగా పట్టింది. గేటు దగ్గర విసుక్కునే మనకు ఇంకెన్నాళ్లు పడుతుందో!